హరిత తండ్రి

ఇబ్రహీంపట్నం,
22 జూన్ 2025

అక్కకు,

నమస్కారం. మొన్న నువ్వు బండరాయి ఎక్కి ఫోన్ చేసినప్పుడు ‘హలో’ తర్వాత నాకు వినబడింది గాలి ఒక్కటే. నీ కొండమీది ఆరోగ్య సబ్‌సెంటర్‌కు సిగ్నల్ వచ్చేదాకా ఉత్తరాలే గతి అంది నీ మరదలు మౌనిక. మంచిదే అన్నాను. ఉత్తరానికి కరెంటు అక్కరలేదు. ఈమధ్య నేను ప్రతిదాని గురించీ ఇలాగే ఆలోచిస్తున్నాను.

ఎందుకో చెబుతాను. నీ మేనకోడలు హర్షిత మూడో తరగతికి వచ్చింది. బడి తెరిచిన రోజే ప్రిన్సిపాల్ మేడం తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఈ ఏడు మనది హరిత బడి కావాలి, అందుకు స్వచ్ఛందంగా పనిచేసే తల్లులు కావాలి అన్నారు. తల్లులందరూ నేల చూశారు. నేను చెయ్యి లేపాను. ఆదిభట్లలో నాది రెండో షిఫ్టు కదా, కంపెనీ బస్సు వచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటకు. పొద్దున్నంతా ఖాళీయే. “తండ్రులు కూడానా!” అని మేడం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేలోపల నేను ‘హరిత తల్లిదండ్రుల సంఘం’ కన్వీనర్‌నయ్యాను. పద్దెనిమిది మంది తల్లులు, ఒక్క తండ్రి.

మొదటి కార్యక్రమం పనికిరాని సీసాలతో పూలకుండీలు. ఒక్కో పిల్లను రెండు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు తెమ్మన్నాను. మనింట్లో ప్లాస్టిక్ మానేసి వారమయింది కాబట్టి ఒక్క ఖాళీ సీసా లేదు. అందుకని ఒక పెట్టె నిండు సీసాలు కొనుక్కొచ్చాను. “నీళ్లు కొనుక్కొచ్చి పారబోస్తున్నవా? పాపం తగుల్తది,” అని మౌనిక వాటిని బిందెలో పోసింది. ఆ రోజు మనింట్లో గిన్నెలు బాటిల్ నీళ్లతో కడిగాం.

రెండో నిర్ణయం, ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలు నిషేధం. అందరూ స్టీలు డబ్బాలే తేవాలి. మూతలు బిగుతుగా ఉన్నాయని ఒకరిద్దరు తల్లులు సణిగారు. మంచిపనికి సణుగుడు తప్పదు.

ఈ సిరా చూశావా? నేరేడుపండ్ల రసం. పిల్లలతో కలిసి మేమే చేశాం. మార్కెట్లో దొరికే సిరాలో రసాయనాలుంటాయి.

హరిత జీవనం నా జీవితంలోకి వచ్చాక నేను మనిషినయ్యాననిపిస్తోంది. మౌనికకు మొదట్లో గిట్టలేదు. ఎరువు తయారయ్యే కుండ వంటింట్లో ఉంటే కంపు అని రోజూ గొడవ. ఇప్పుడు బాల్కనీలో పెట్టాం. పక్కింటివాళ్లు కిటికీ మూసుకుంటున్నారు. హర్షితకు మాత్రం మస్తు ఇష్టం. పొద్దున లేవగానే వెళ్లి మూత తీసి చూస్తుంది.

నీ తమ్ముడు,
బాలేష్

5 జూలై

బాలేషూ,

దీవెనలు తర్వాత. ముందు అడిగినదానికి జవాబు చెప్పు.

ఇక్కడ పది రోజులుగా ఒకటే వాన. పోస్ట్‌మ్యాన్ వాగు దాటి వచ్చేసరికి నీ ఉత్తరం ఊదారంగు ముద్దయింది. దేంతో రాశావో గానీ చేతులకంటిన రంగు రెండు రోజులు పోలేదు. టీకాకు వచ్చిన తల్లులు నా చేతులు చూసి పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు.

మొదటి పేజీ పూర్తిగా పోయింది. రెండో పేజీలో నేను చదవగలిగింది ఇదీ: ‘హరిత’, మరక, ‘నా జీవితంలోకి వచ్చాక నేను మనిషినయ్యా’, మరక, ‘మౌనికకు మొదట్లో గిట్టలేదు’, మరక, ‘రోజూ గొడవ. ఇప్పుడు బాల్కనీలో పెట్టాం.’ మళ్లీ మరక. ‘హర్షితకు మాత్రం మస్తు ఇష్టం.’

ఎవర్రా ఆ హరిత? కట్టుకున్న పెళ్లాం ఉండగా నీ జీవితంలోకి రావడమేంటి? వచ్చింది సరే, మనిషిని బాల్కనీలో పెట్టడమేంటి? వానాకాలం కూడా! ఆ మౌనికైనా నాకు ఒక్క ముక్క రాయలేదు. పాపం, ఏ మొహం పెట్టుకుని రాస్తుంది.

నేను సెలవు పెట్టలేను. ఇక్కడ ముగ్గురు నెలలు నిండినవాళ్లున్నారు. కానీ నువ్వు చెప్పే జవాబు సరిగా లేకపోతే వాగు ఈదైనా వస్తా. గుర్తుపెట్టుకో తమ్మీ.

నర్మద

ఇబ్రహీంపట్నం,
15 జూలై

అక్కా,

హరిత ఎవరూ కాదు. హరిత అంటే పచ్చదనం. బాల్కనీలో పెట్టింది కూరగాయల తొక్కల కుండను. నీ ఉత్తరం మౌనిక చదివి నవ్వి నవ్వి గోడకు చేరగిలబడింది. మూడు రోజుల నుంచి ఆ కుండను “హరితమ్మా” అని పిలుస్తోంది. ఈ ఉత్తరం బాల్‌పెన్‌తో రాస్తున్నాను. తృప్తేనా?

ఇక అసలు విషయాలు. ఈ నెల మొదట్లో బడిలో మొక్కల పండుగ జరిపాం. పిల్లలందరూ ఆకుపచ్చ బట్టల్లో రావాలన్నాను. హర్షితకు ఆకుపచ్చ గౌను లేదు. మౌనిక బజారంతా తిరిగి తెచ్చింది. ఒక్కసారి ఉతికితే బకెట్ నీళ్లన్నీ ఆకుపచ్చే. ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అని గేటు మీద ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టించాం. గుంతలు తవ్వే శ్రమ లేకపోయింది, నిరుటి గుంతలే ఉన్నాయి. ఒకదాంట్లో నిరుటి మొక్క తాలూకు పుల్ల, దానికి కట్టిన పేరు చీటీ కూడా ఉన్నాయి. ఆ చీటీ తీసి కొత్త మొక్కకు కట్టాను. పునర్వినియోగమంటే ఇదేనని పిల్లలకు వివరించాను. ముఖ్య అతిథి నాలుగు నిమిషాలున్నారు. మూడు నిమిషాలు ఫోటోకే పోయాయి.

ఆ తర్వాత నా సొంత ఆలోచన ఒకటి అమలు చేశాం. బడి వెనక మూడు పెద్ద డబ్బాలు. తడి చెత్తకు ఒకటి, పొడి చెత్తకు ఒకటి, ప్రమాదకరమైనదానికి ఒకటి. పిల్లలు భలే నేర్చుకున్నారు. హర్షిత ఇంట్లో కూడా నన్ను నిలదీస్తోంది, “నాయినా, అరటితొక్క ఎందులో వేసినవ్?” అని.

కానీ అక్కా, నిన్న పొద్దున వెనకగోడ అవతల పొగ కనిపించింది. హర్షితకు వారం నుంచి దగ్గు. గోడ చుట్టూ తిరిగి వెళ్లి చూస్తే ఏముంది? మూడు డబ్బాల చెత్తా ఒక్కచోట కుప్పపోసి కాలుస్తోంది ఆయా. ఆ ఆయా ఎవరో కాదు, మన జంగమ్మ చిన్నమ్మ. అమ్మ పక్కన గంప పెట్టుకుని చేపలమ్మేది కదా, ఆమెనే. రెండేళ్లుగా ఆ బడిలో పనిచేస్తోంది.

నేను ఒక్క క్షణం ఆగాను. మనిషి మనది. కానీ సూత్రం దగ్గర బంధుత్వం చూస్తే నేను కన్వీనర్‌నెలా అవుతాను? ఫోటో తీసి ‘ఇదేనా మన హరిత బడి?’ అని రాసి మూడువందల మంది తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి నూట నలభై మంది బొటనవేలు లేపారు. మేడం స్వయంగా ఫోన్ చేసి, “తక్షణమే చర్య తీసుకుంటాం బాలేష్ గారూ,” అన్నారు. కంపెనీలో ఏడేళ్లుగా నన్ను ఎవరూ గారూ అనలేదు.

బాలేష్

24 జూలై

తమ్మీ,

కుండ సంగతి తెలిసి ప్రాణం కుదుటపడింది. మౌనికను తిట్టుకున్నందుకు నా తరఫున క్షమించమను.

కానీ నీ ఉత్తరంలో చివరి పేజీ నాలుగుసార్లు చదివాను. ‘తక్షణమే చర్య’ అంటే ఏమిటి? ఎవరి మీద?

నీకు గుర్తుండదు. నీకప్పుడు నాలుగేళ్లు. అమ్మ కామెర్లతో పట్నం దవాఖానలో ఇరవై రోజులుంది. బాపు అక్కడే. మనిద్దరం జంగమ్మ చిన్నమ్మ ఇంట్లో ఉన్నాం. ఆమెకు అప్పటికే ముగ్గురు పిల్లలు. నువ్వు అన్నం ముందు కూర్చుని ఏడ్చేవాడివి, చేపలో ముల్లు ఉంటుందని. ఆమె తన పిల్లలకు వడ్డించి, నీ కంచం ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క ముక్కా వేళ్లతో నలిపి చూసి నీ నోట్లో పెట్టేది. నాకు తొమ్మిదేళ్లు, నాకంతా గుర్తే.

అదంతా ఉన్నందుకు చెత్త కాల్చొచ్చు అని నేననడం లేదు. పొగ పిల్లలకు మంచిది కాదు, ఆ సంగతి నీకంటే నాకే ఎక్కువ తెలుసు. ఒకటే అడుగుతున్నా. నువ్వు మూడు డబ్బాలు పెట్టావు. అవి నిండాక ఏం చేయాలో ఆమెకు ఎవరైనా చెప్పారా? మున్సిపాలిటీ చెత్త ఆటో మీ బడికి వస్తుందా? తెలుసుకుని రాయి.

నర్మద

ఇబ్రహీంపట్నం,
27 జూలై

అక్కా,

నీ జవాబు ఇంకా అందలేదు. కానీ ఆగలేక రాస్తున్నాను.

నిన్న తల్లిదండ్రుల సమావేశంలో నాకు ‘హరిత తండ్రి’ అని ప్రశంసాపత్రం ఇచ్చారు. అందరి ముందు శాలువా కప్పారు. పత్రానికి దళసరి లామినేషన్ చేయించారు, వందేళ్లయినా చెక్కుచెదరదు. హాల్లో టీవీ పైన పెట్టాను.

జంగమ్మ చిన్నమ్మను పనిలోంచి తీసేశారట. నేను తీసేయమని అడగలేదు, అది మేడం నిర్ణయం. కఠినమైందే, కానీ సంస్థలు అలాగే నడుస్తాయి. కొత్త ఆయా దొరికేదాకా ఆ పని మా సంఘమే స్వచ్ఛందంగా చేస్తుందని వేదిక మీదే ప్రకటించాను. మళ్లీ చప్పట్లు.

ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. హర్షిత నాలుగు రోజులుగా అన్నం తినకుండా డబ్బా అలాగే తిరిగి తెస్తోంది. అడిగితే మూత రావడం లేదంది. ఆ స్టీలు డబ్బాల మూతలు బిగుతు కదా, చిన్నపిల్లలవన్నీ జంగమ్మ చిన్నమ్మే తీసిపెట్టేదట. రోజూ నలభై దాకా. టీచర్‌ను అడగమన్నాను. “టీచర్‌కు గోళ్లు ఇరుగుతయట నాయినా,” అంది.

మౌనిక నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. కుండ కూడా నేనే కలుపుకుంటున్నాను. మంచిపని చేసేవాడికి మొదట ఇంట్లోనే ఎదురుగాలి అంటారు.

బాలేష్

5 ఆగస్టు

బాలేష్‌కు,

శాలువా కప్పారా. బాగుంది. కప్పుకుని కూర్చో.

నా ఉత్తరం నీకు ఈపాటికి అంది ఉంటుంది. అందులో రెండు ప్రశ్నలు అడిగాను. ఫోటో తీయడానికి ఆమె ముందు నిలబడ్డావు కదా, ‘చిన్నమ్మా, ఎందుకు కాల్చుతున్నవ్’ అని ఒక్క మాట నోట్లోంచి రాలేదా? గోడ చుట్టూ తిరిగి వెళ్లినవాడివి ఇంకో నాలుగు అడుగులు వేయలేకపోయావా?

ఆమె ఇంటికి పో. పోయి వచ్చేదాకా నాకు ఉత్తరం రాయకు. రాసినా విప్పను.

నర్మద

ఇబ్రహీంపట్నం,
23 ఆగస్టు

అక్కా,

పోయి వచ్చాను. విప్పు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నీ ప్రశ్నలకు జవాబులతోనే మొదలుపెడతాను. ఎవరూ చెప్పలేదు. ఆటో రాదు.

వేదిక ముందు చప్పట్లు కొట్టిన పద్దెనిమిది మంది తల్లుల్లో మొదటి రోజు ఊడ్వడానికి ఐదుగురు వచ్చారు. మూడో రోజుకు సింధు అనే ఆమె ఒక్కతే మిగిలింది. ఐదో రోజు ఆమెకు నడుం పట్టేసింది. తర్వాత నేనొక్కణ్నే. నాలుగు గదులు, వరండా, మూడు డబ్బాలు. ఈ పని ఆమె రెండేళ్లు ఒక్కతే ఎలా చేసిందో అని రెండో రోజే అనుకున్నాను. కానీ ఆ మాట ఎవరితోనూ అనలేదు, నీకూ రాయలేదు.

మున్సిపాలిటీ చెత్త ఆటో మా వీధికి ఆరున్నరకే వచ్చి పోతుంది. బడి గేటు తెరిచేది ఎనిమిదికి. డబ్బాలు నిండాయి. సంచుల్లో నింపాను. తొమ్మిది సంచులయ్యాయి. తడి చెత్తలో పురుగులు పడ్డాయి. మేడంను అడిగాను, ఏం చేయమంటారని. “సాయంత్రం పిల్లలు వెళ్లేలోపు కనబడకూడదు సార్. రేపు బయటి స్కూళ్లవాళ్లు మన హరిత బడి చూడటానికి వస్తున్నారు,” అన్నారు. “ఇంతకుముందు ఎలా చేసేవారు?” అంటే, “జంగమ్మ చూసుకునేది. ఎలాగో నేనెప్పుడూ అడగలేదు,” అన్నారు. నేను ఆమె వైపు కోపంగా చూశాను. తర్వాత గుర్తొచ్చింది, నేనూ అడగలేదు.

అది పన్నెండో రోజు. పన్నెండున్నరకు, బస్సుకు అరగంట టైం ఉండగా, అగ్గిపెట్టె కొన్నాను అక్కా. తొమ్మిది సంచులూ అదే గోడ వెనక కుప్పపోసి నేనే అంటించాను.

ఎవరూ ఫోటో తీయలేదు. వాచ్‌మన్ రాంచంద్ర వచ్చాడు. ఏదో అంటాడనుకున్నాను. “సార్, గాలి ఇటు మళ్లింది. జర అటు జరుగుండ్రి, అంగీకి పొగ వాసన పడ్తది,” అన్నాడు. అంతే. ఆ అంగీతోనే బస్సెక్కి పోయాను. షిఫ్టంతా నా బట్టల్లోంచి ఆ వాసన వస్తూనే ఉంది.

మరునాడు పొద్దున జంగమ్మ చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. ఇంట్లో లేదు. చెరువు కట్టకు పోయే రోడ్డు మీద మళ్లీ చేపల గంప పెట్టుకుంది. 

“ఎన్ని కిలోలు?” అంది తలెత్తకుండా.

“చిన్నమ్మా, నేను బాలేష్‌ను.”

“తెలుసు. ఎన్ని కిలోలని అడిగిన.”

ఒక కిలో అన్నాను. చేప తీసి కత్తిపీట మీద పెట్టింది.

“తప్పయింది చిన్నమ్మా.”

“ఏది తప్పయింది? ఫోటో తీసుడా, ఊరందరికి పంపుడా, నన్ను ఒక్క ముచ్చట అడగకపోవుడా? ఏదో చెప్పు.”

ఆమె పొలుసు గీకుతూనే ఉంది.

“నా మనుమడు ఫోనుల చూపెట్టిండు. ‘అవ్వా, గిది నువ్వేనా’ అన్నడు. వాని దోస్తు పంపిండట. కాదు బిడ్డా అన్న. పదేండ్ల పోరనికి అబద్ధం చెప్పిన, నీ దయతోని.”

“నీ కొలువు నీకు ఇప్పిస్త చిన్నమ్మా,” అన్నాను. పొగలో నిలబడ్డ దగ్గర నుంచి నా నోట పుస్తకం భాష రావడం లేదు.

“కాల్చుమని మేడం చెప్పలే. కాల్చొద్దనీ చెప్పలే. పొద్దుగూకే కల్ల కనపడొద్దన్నది. మూడు డబ్బాలు పెట్టినవ్ గద, ఎందులకెల్లి తీసినా పొయ్యే జాగ ఒక్కటే లేకపాయె. నేను మింగాల్నా?” అంది. చేపను కోస్తూ, “కొలువు సంగతి తర్వాత. ముందు గదే గ్రూపుల రాయి. ఎందరికి చూపెట్టినవో అందరికి చెప్పు. నాకొక్కదానికి చెప్తే ఏం ఫాయిదా?” అంది.

చేపకు పైసలు తీసుకుంది. నేను సంచి తీసుకెళ్లలేదు. నల్ల ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చింది. తీసుకున్నాను.

ఇంటికొచ్చి ఫోన్ పట్టుకున్నాను. రాస్తాను, చెరిపేస్తాను. హర్షిత ఆ బడిలోనే చదవాలి కదా, మేడంకు కోపమొస్తే? ఇలా మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు మౌనిక నా పక్కన కూర్చుంది. “ఫోటో పెట్టెటప్పుడు మూడు నిమిషాలు పట్టలే. మాటకు మూడు దినాలా?” అంది. ఆమె ముందే రాసి పంపాను. జంగమ్మ గారి తప్పు లేదు, చెత్త పోయే దారి చూపకుండా డబ్బాలు పెట్టింది నేను, ఆమెను తీసేశాక అదే చెత్తను అదే చోట నేనూ కాల్చాను, ఆమెను అడగకుండా ఫోటో పెట్టినందుకు సిగ్గుపడుతున్నాను. ఇంతే రాశాను.

గంట తర్వాత సింధు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, మళ్లీ తీసేసింది. తర్వాత మేడం రాశారు: ‘ఈ గ్రూపు హోంవర్క్ కొరకు మాత్రమే.’ సాయంత్రానికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. కొత్త కన్వీనర్ సింధు. శాలువా ఉంచుకోవచ్చట.

చిన్నమ్మకు మాత్రం పని ఇంకా రాలేదు. నేను మాటైతే చెప్పాను గానీ, నా మాట వినేవాళ్లెవరు?

బాలేష్

2 సెప్టెంబర్

తమ్మీ,

నీ ఉత్తరం రోగుల బెంచీ మీద కూర్చుని చదివాను. ‘నేనే అంటించాను’ అన్న దగ్గర ఆగిపోయాను. నువ్వు అది దాచి ఉంటే నాకెప్పటికీ తెలిసేది కాదు.

నేనేమీ గొప్పదాన్ని కాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒకామెను బిడ్డకు టీకా వేయించలేదని ఇరవై మంది ముందు తిట్టాను. వాగు పొంగి ఆమె రెండుసార్లు సగం దారిలోంచి వెనక్కి పోయిందని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆమె టీకాకు వస్తుంది, సూది వేయించుకుని పోతుంది. నా మొహం మాత్రం చూడదు. నీ ఉత్తరం వచ్చాక ఆమె గుడిసెకు పోయాను. ఏమన్నదో ఇంకోసారి రాస్తా. అంత బాగా ఏమీ జరగలేదు.

చెత్త సంగతికి నాకు తోచింది ఒకటే. మున్సిపాలిటీకి ఒక అర్జీ పెట్టు, ఆటో టైం మార్చమని. నాలుగు ముక్కల్లో రాయి. భూగోళం గురించి రాయకు.

హర్షిత తింటోందా? అది రాయలేదు నువ్వు.

అక్క

ఇబ్రహీంపట్నం,
19 సెప్టెంబర్

అక్కా,

హర్షిత తింటోంది. దగ్గు తగ్గింది. నీ ఉత్తరం పదో తారీకున అందింది. ఆ రోజే అర్జీ రాశాను. నాలుగు ముక్కల్లోనే రాద్దామనుకున్నా ఆరు పేజీలైంది. భూగోళం రెండో పేజీలో వచ్చింది. దాన్ని పట్టుకుని బయల్దేరుతుంటే మౌనిక, “ఎటు పోతున్నవ్?” అంది. చెప్పాను. “ఆ ఆటో సంగతా? అది మొన్ననే అయిపాయె,” అంది.

జరిగిందేమిటంటే, ఆమె ఆరున్నరకు వీధిలో చెత్త వేస్తూ ఆటో నడిపే ఐలేష్‌ను అడిగిందట. “అన్నా, బడి దగ్గరికి లేటుగ రారాదే?” అని. అతను, “అక్కా, ఆఖరి ట్రిప్పు ఎనిమిదిన్నరకు గా పక్క రోడ్డుకెల్లే పోత. వారంల రెండుసార్లు ఆగుత తియ్, గేటు కాడ పెట్టి ఉంచుండ్రి,” అన్నాడట. అంతే. అర్జీ చించేద్దామనుకున్నాను, కానీ వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని దాచాను. ఈ ఉత్తరం రాస్తున్నది దాని వెనకే. తిప్పి చదవకు.

చిన్నమ్మ పని కూడా మౌనికే ఇప్పించింది. నేను పెట్టిన గ్రూపు మాట చదివి ఒకరిద్దరు తల్లులు ఆమెకు ఫోన్ చేశారు. వాళ్ల పిల్లల డబ్బాలూ విప్పకుండానే తిరిగి వస్తున్నాయట. పోయిన సోమవారం మౌనిక, సింధు, ఇంకో పద్నాలుగు మంది తల్లులు మూత రాని డబ్బాలు పట్టుకుని బడికి వెళ్లారు. నేను గేటు బయట నిలబడ్డాను. నన్ను లోపలికి రావద్దంది మౌనిక. “నువ్వొస్తే మళ్ల భాషణం మొదలవుతది,” అంది.

పదహారు డబ్బాలు మేడం బల్ల మీద పెట్టారట. మేడం, “హరిత బడి కోసం కొన్ని త్యాగాలు...” అని మొదలుపెడితే మౌనిక, “పచ్చదనం సంగతి మాకు తెల్వదు మేడం. పిల్లలు ఉపాసం ఉంటున్నరు. ఒక్క డబ్బా మీరు తీసి చూపెట్టుండ్రి,” అందట. మేడం ఒకటి పట్టుకుని చూశారు. రాలేదు. చీర కొంగు పెట్టి తిప్పారు. రాలేదు. మంగళవారం జంగమ్మ చిన్నమ్మకు కబురు పంపారు.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. బడికొచ్చి, రాంచంద్ర ముందు, టీచర్ల ముందు చెప్పిందట, “చెత్త నేను గేటు దాక తెస్త. అంటువెట్టుడు నాతోని కాదు. కనపడొద్దంటే మీరే కండ్లు మూసుకోండ్రి,” అని. మేడం సరే అన్నారు. బుధవారం నుంచి వస్తోంది. గేటు మీద పాత ఫ్లెక్సీ తీసి ‘పొగ లేని బడి, మన మేడం కల’ అని కొత్తది కట్టారు. పాతదాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియక డబ్బాల మీద కప్పారు. నా జీవితంలో ఒక ఫ్లెక్సీ ఉపయోగపడటం చూసింది అదే మొదటిసారి.

ఆటో ఆగేది మంగళవారం, శుక్రవారం. సంచులు బరువు, ఒక్కరితో కాదు. చిన్నమ్మ మళ్లీ పనిలోకి వచ్చాక ఇవాళే మొదటి శుక్రవారం. నన్ను ఎవరూ పిలవలేదు, సంఘంలో కూడా లేను. అయినా ఎనిమిదింటికే వెళ్లాను. చిన్నమ్మ నన్ను చూసి ఒక సంచి చూపించింది. మోశాను. ఇంకోటి చూపించింది. ఏడు సంచులు గేటు దాకా తెచ్చాం.

ఐలేష్ ఆటో మలుపు తిరుగుతుంటే ఇక ఉండబట్టలేక అడిగాను.

“చిన్నమ్మా, కోపం పోయిందా?”

ఆమె చివరి సంచి మూతి ముడేసింది. లేచి నడుం సరిచేసుకుంది.

“పోలే. ఉన్నది,” అంది. “ఉండనీ. నువ్వైతె గా సంచి అటుదిక్కు పట్టు.”

పట్టుకున్నాను అక్కా.

బాలేష్